తొట్టి అరుగులో మూడో టైలు

నేను భౌతికశాస్త్రం చెప్పి బతికినవాడిని. మా బడి వెనక రేగుచెట్టు కింద దయ్యం ఉందని పిల్లలు భయపడితే, తరగతి మొత్తాన్ని ఆ చెట్టు కిందికే తీసుకుపోయి వారం రోజులు అక్కడే పాఠం చెప్పాను. చప్పుడు వినబడితే కారణం వెతకాలి, తావీజు కాదు అనేవాడిని. ఇప్పుడు నేను రాస్తున్నది చదివి ఆ పిల్లల్లో ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోనీ. వాళ్లకు ఆ హక్కుంది.

తొంభైల మొదట్లో మాట. ఆలేరుకు దగ్గర్లోని ఒక ఊరి హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఇంట్లో నేను, నా భార్య సరోజ, మా అమ్మ. అమ్మ తన బతుకంతా నల్లగొండ పల్లెలో ఫ్లోరైడ్ బోరు నీళ్లే తాగింది. ఆ నీళ్లకు ఎముకలు బిగుసుకుపోయి నడుము వంగిపోయింది. మోకాళ్లు ముడవాలంటే ఏడుపొచ్చేది. ఇది చాలదన్నట్టు చెవులు కూడా పూర్తిగా పోయాయి. పక్కన ఇత్తడి బిందె జారిపడినా తల తిప్పేది కాదు. మా పెదవులు చూసి, సైగలు చూసి అర్థం చేసుకునేది.

గోరువెచ్చని నీళ్లలో మెడదాకా మునిగి కూర్చుంటే నొప్పులు తగ్గుతాయని డాక్టర్ చెప్పాడు. చెంబుతో పోసుకునే స్నానంతో అయ్యే పని కాదది. సికింద్రాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో తెల్ల పూత వేసిన ఇనుప తొట్టి ఒకటి దొరికింది. రైల్లో ఆలేరుకు, అక్కడి నుంచి ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చాను. నాలుగు పొట్టి కాళ్ల మీద నిలబడే తొట్టి. అమ్మ దాని అంచు నిమిరి, చంటిపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు చాలా గర్వమేసింది.

తొట్టి చుట్టూ ఇటుకతో అరుగు కట్టి, దానికి తెల్ల టైల్స్ అంటించాలి. అప్పట్లో మా వైపు ఆ పని తెలిసినవాళ్లు తక్కువ. మా ఊళ్లో కొత్త బ్యాంకు కట్టడానికి పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీల్లో ఖాజా భాయ్ అని ఒకాయన ఉన్నాడు. మక్తల్ దగ్గరి మనిషి, యాభై దాటినవాడు. ఆయన్ని బతిమాలి పిలుచుకొచ్చాను.

ఖాజా భాయ్‌ది నిదానమైన చెయ్యి. టైల్స్ రాత్రంతా నీళ్లలో నానబెట్టేవాడు. అంటించాక ఒక్కోదాన్ని తాపీ పిడితో కొట్టి వినేవాడు. వెనక సిమెంటు నిండుగా ఉంటే రెండు దెబ్బలు కొట్టి ముందుకు పోయేవాడు. డొల్లగా మోగితే మాత్రం మూడు దెబ్బలు కొట్టి, కాసేపు ఆగి, ఇంకొకటి కొట్టి, బొగ్గుతో గుర్తు పెట్టేవాడు. అమ్మ స్టూలు వేసుకుని దర్వాజలో కూర్చుని రోజంతా ఇదే చూసేది. చెవులు వినబడవని తెలిసి, ఆయనే ఒకసారి అమ్మ అరచేతిని టైలుకు ఆనించి పక్కన కొట్టి చూపించాడు. ఆమెకు చేతిలో తేడా తెలిసింది. అప్పటి నుంచి ఇద్దరూ ఒకే పని చేస్తున్న మేస్త్రీల్లా ఉండేవాళ్లు.

నేను చేసిన ఘనకార్యం ఇక్కడ చెప్పుకోవాలి. గీజర్‌కు కరెంటు కావాలి. వైరును కింద, తొట్టికి అరుగుకు మధ్య నుంచి తీస్తే గోడ పగలగొట్టే పని తప్పుతుందని నా లెక్క.

"వద్దు సారూ. నీళ్లున్న జాగల కరెంటు మీదికెల్లి రావాలె, కిందికెల్లి కాదు" అన్నాడు ఖాజా భాయ్.

పిల్లలకు కరెంటు పాఠం చెప్పేవాడికి మేస్త్రీ చెప్పడమేమిటని నాకు రోషం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. శుక్రవారం ఆయన నమాజుకు పోయినప్పుడు నేనే వైరు దూర్చి, పైన ఇసుక కప్పేశాను. ఆయన తిరిగొచ్చి, ఏమీ తెలియక, దాని ముందు ఇటుక కట్టి టైల్స్ అంటించాడు. సరోజకు కూడా నేను చెప్పలేదు.

పని దాదాపు అయిపోతుండగా ఆయన కూతురికి పురిటినొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. ఉన్నపళంగా బయలుదేరాడు. "వారం దినాలు నీళ్లు నింపకుండ్రి సారూ. సిమెంటు ఆరాలె. నేనొచ్చి ఆఖరుసారి కొట్టి సూస్త. అప్పుడు అమ్మ దిగాలె" అన్నాడు. అమ్మ కూడా సైగలతో అదే చెప్పింది. పని ముగిసి, మేస్త్రీకి బట్టలు పెట్టి, అన్నం పెట్టాకే తొట్టిలో దిగుతానంది. అప్పటికే కొత్త ధోతీ, తువ్వాల తెప్పించి పెట్టెలో పెట్టింది.

నాకు ఆత్రం. ఆరో రోజు ఆదివారం. ముందు రాత్రంతా అమ్మ నొప్పులతో మూలిగింది. చూడలేక, ఇక ఆగేది లేదు, ఇవ్వాళ దింపుదామన్నాను. అమ్మ వద్దు వద్దంటూనే లేచింది.

ఉదయం తొమ్మిదింటికి సరోజ తొట్టి నింపింది. గీజర్ స్విచ్ ఆపి, నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది. వేడి చాలలేదు. మళ్లీ స్విచ్ వేసి, అమ్మను తీసుకురావడానికి పోయింది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను.

సరోజ భుజం మీద చేతులు వేసి అమ్మ తొట్టి దాకా వచ్చింది. కాలు ఎత్తింది. ఎత్తిన కాలు అట్లాగే వెనక్కి తీసుకుంది.

"ఆగు బిడ్డ. ఖాజా ఇంక కొడుతుండు. పని కాలే" అంది.

సరోజకు ఏమీ వినబడలేదు. మేస్త్రీ లేడు, మక్తల్ పోయాడు అని చేతులతో చెప్పింది. అమ్మ కదలలేదు. అరుగు వైపు వేలు చూపించి, "గాడ. కింద వరుసల మూడోది" అంది. సరోజ నన్ను పిలిచింది.

నేను విసుక్కుంటూనే వచ్చాను. ఏమీ లేదని చూపించడానికి వంగి, ఆ మూడో టైలును వేలి కణుపుతో కొట్టాను. డొల్లగా మోగింది. అప్పుడు గుర్తొచ్చింది, నా వైరు వెళ్లేది సరిగ్గా దాని వెనక నుంచే. టెస్టర్ తెచ్చి తొట్టి అంచున పూత లేచిన చోట ఆనిస్తే ఎర్రగా వెలిగింది. పరుగెత్తి మెయిన్ ఫ్యూజు పీకేశాను.

తర్వాత ఆ టైలు, ఇటుక పగలగొట్టి చూశాను. తొట్టి ఇనుప కాలికి, ఇటుకకు మధ్య వైరు నలిగి, రాగితీగ బయటికి కనబడుతోంది. తడి గచ్చు మీద ఒక కాలుతో నిలబడి, ఇంకో కాలు ఆ నీళ్లలో పెట్టి ఉంటే ఏమయ్యేదో నేను పాఠంగా చెప్పగలను. ఆ రోజు మాత్రం అమ్మ పాదాలు పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

కారణాలు వెతకకుండా ఉంటానా? తెగిన వైరు చిటపటలాడి ఉండొచ్చు. మరి మంచి చెవులున్న సరోజకు వినబడలేదెందుకు? టైలు అదురు అమ్మ చేతికి తెలిసి ఉండొచ్చు. కానీ ఆమె రెండు చేతులూ సరోజ భుజాల మీదే ఉన్నాయి. ఎట్లా వినబడిందని అడిగితే అమ్మ వేళ్లతో చూపించింది. మూడు, ఆగి, ఒకటి.

ఖాజా భాయ్ ఎనిమిదో రోజున వచ్చాడు. మనవడు పుట్టాడట. నేను తప్పు ఒప్పుకుని జరిగిందంతా చెప్పాను. ఆయన వంగి, పగలగొట్టిన చోటును చేత్తో తడిమి చూశాడు. ఆదివారం పొద్దున ఎక్కడున్నావని అడిగాను.

"దవాఖానల బిడ్డకాడ కూసున్న సారూ. కూసున్నంత సేపు మీ తొట్టే యాదికొచ్చింది. ఆఖరి దెబ్బ కొట్టకుంట వస్తినే అని ఒకటే ఫికర్" అన్నాడు.

వైరు పైనుంచి తీసి, కొత్త టైలు వేసి, అది ఆరేదాకా ఉండి, అన్నీ కొట్టి చూసి పోయాడు. అమ్మ ఆయనకు ధోతీ, తువ్వాల పెట్టి, ఎదురుగా కూర్చుని కడుపునిండా తినిపించింది.

ఆ తర్వాత అమ్మ తొమ్మిదేండ్లు బతికింది. ప్రతి ఆదివారం ఆ తొట్టిలో మెడదాకా మునిగి, కళ్లు మూసుకుని, హాయిగా కూర్చునేది. ఆ తొమ్మిదేండ్లూ ఎవరు నాకు దయచేశారో తెలియదు. వాళ్లకు రోజూ దండం పెట్టుకుంటాను.

మళ్లీ ఏమైనా వినబడుతుందేమోనని ఎన్నోసార్లు ఆమె వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూశాను. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. మా అమ్మ ఈ లోకంలో చివరిసారిగా విన్న చప్పుడు ఆ నాలుగు దెబ్బలే.