సాల్మి ఎడారిలో ఉరుముల దేవుడి మేక విందు

ఈ ప్రయాణం ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. లక్ష్మీదేవక్కది మా రాయచోటి. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో చాలా ఏళ్ళుగా వంట చేస్తోంది. నేను కూడా కువైట్‌లోనే, రిగ్గైలో ఉంటూ ఒక మందుల దుకాణంలో లెక్కలు చూస్తాను, సెలవు రోజుల్లో కొత్త వంటలు చేసి ఈ బ్లాగులో రాస్తుంటాను. ఆ సంగతి తెలిసే అక్క ఫోన్ చేసింది. "సుధా, మా ఇంట్లో పాప ఏందో వైకింగుల కూర అడుగుతాండాది. శుక్రవారం ఎడారి క్యాంపులో వండాలంట. నాకా వంట తెలీదు. నిన్ను తోడు పిలుచుకోమని పాప వాళ్ళమ్మ, మామా, కూడా చెప్పింది. వస్తావా?"

ఆ పాప నూరా. పన్నెండేళ్ళుంటాయి. పోయిన ఏడాది కారు ప్రమాదంలో కాలు విరిగి రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఇప్పుడు నడుస్తుంది కానీ కుంటుతుంది. మంచం మీదున్న నెలల్లో, వెయ్యేళ్ళ కిందటి మంచు దేశాల వీరులైన వైకింగులు కొలిచిన దేవుళ్ళ కథలన్నీ చదివేసింది. చలికాలంలో వాళ్ళ బంధువులంతా ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. ఈసారి తను రానని నూరా మొండికేసి, చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఉరుముల దేవుడు థోర్ తిన్న మేక విందు వండి పెట్టాలి.

కథ ఇది. థోర్ రథాన్ని రెండు మేకలు లాగుతాయి. రాత్రి ఎక్కడ ఆగితే అక్కడ వాటినే కోసి వండి, ఆ ఇంటివాళ్ళతో కలిసి తింటాడు. ఎముకలను విరగకుండా తోలు మీద పేరిస్తే తెల్లారేసరికి మేకలు బతికి లేస్తాయి. ఒకసారి ఒక రైతు కొడుకు మూలుగ కోసం తొడ ఎముక విరిచాడు. పొద్దున ఒక మేక కుంటుతూ లేచింది.

"ఎముక మాత్రం ఇరగకూడదంట సుధా. గట్టిగా చెప్పింది పాప" అంది అక్క.

గురువారం సాయంత్రం ఖైతాన్‌లో ఒక మాంసం కొట్టుకు వెళ్ళి రెండు మేక వెనక కాళ్ళు అడిగాను. ముక్కలు కొట్టవద్దని హిందీలో రెండుసార్లు చెప్పాను. లోపలి నుంచి మందపాటి కవరులో చుట్టి తెచ్చిచ్చారు. అలాగే ఫ్రిజ్‌లో పెట్టాను.

శుక్రవారం ఉదయం ఎనిమిదికి గంగారాం టాక్సీలో బయలుదేరాను. అతనిది జగిత్యాల. రానుపోను పన్నెండు దినార్లకు మాట్లాడుకున్నాం. ఆరో రింగు రోడ్డు మీదుగా జహ్రా చేరి, అక్కడ కట్టెలు, బార్లీ కొనుక్కుని సాల్మి రోడ్డు ఎక్కాం. మొత్తం గంటంపావు పట్టింది. వంట సంగతి చెబితే గంగారాం ఆశ్చర్యపోయాడు.

"కారం ఎయ్యరా అక్కా?"

"ఆ కాలం వైకింగులకు మిరపకాయలు తెలియవు."

"గట్లయితె ఎట్ల తిన్నరో పాపం" అన్నాడు నిజంగానే జాలిపడుతూ.

మేం వెళ్ళేసరికి క్యాంపు నిండా పిల్లలు పరుగులు పెడుతున్నారు. నూరా గుడారం ముందు కుర్చీలో కూర్చుని ఉంది. ఇంటి యజమానురాలు, అక్క మామా అని పిలిచే ఆవిడ, కూతురి పక్కనే నిలబడి, "యల్లా నూరా, లే, పిల్లలతో నడువు. డాక్టరు నడవమన్నాడు కదా" అంటోంది. కోపం లేదు ఆ గొంతులో. భయం ఉంది. నూరా కదల్లేదు.

ముందే అక్కడికి చేరిన అక్కా నేనూ గుడారాల వెనక గాలి తగలని చోట గుంట తీసి నిప్పు రాజేశాం. మాంసం కవరు విప్పిన అక్క చేతులు అక్కడే ఆగిపోయాయి. ఒక కాలు మోకాటి కింద ఎముక దగ్గర విరిగి ఉంది. కవరులో పట్టడానికి కొట్టులో ఎవరో అలవాటుగా ఒక దెబ్బ వేశారు.

అక్క ఇసుకలోనే కూర్చుంది. "ఆ బిడ్డ కాలు అట్లుంటే, ఇరిగిన కాలు పళ్ళెంలో ఎట్ల పెట్టేది సుధా?"

అక్కే వెళ్ళి మామాను పిలుచుకొచ్చింది. ఆవిడ చూసి పెదవి కొరుక్కుంది. "నూరాకు చూపించొద్దు. ముక్కలు చేసి డ్రైవర్లకు పెట్టండి. ఖలాస్" అని వెళ్ళిపోయింది. ఇంకో కాలు కొనాలంటే జహ్రా దాకా వెళ్ళాలి. శుక్రవారం నమాజు వేళకు కొట్లు మూసేస్తారు.

సరే, ముక్కలు తర్వాతైనా చేయొచ్చు, ముందు పొయ్యి మీదకు ఎక్కిద్దాం అనుకున్నాం. పెద్ద ఇనప గుండిగలో నీళ్ళు, పలుచటి లబన్ మజ్జిగ, ఉల్లికాడలు, వెల్లుల్లి, ఉప్పు వేసి రెండు కాళ్ళూ దించాం. మొదటి గంట పైకి తేలిన నురగ తీస్తూ ఉండాలి. తర్వాత గుప్పెడు బార్లీ, సోయికూర వేశాం. రెండున్నర గంటలకు మాంసం మెత్తబడింది. బయటికి తీసి, నూరిన ఆవాలు తేనెలో కలిపి పూసి, నిప్పుల మీద కాల్చడం మొదలుపెట్టాం. ఆ వాసనకు నూరా తనంతట తానే లేచి, మెల్లగా కుంటుకుంటూ వచ్చింది.

దాచడానికి వ్యవధి లేదు. అక్క నా వైపు ఒకసారి చూసి, తనకు వచ్చిన అరబ్బీలో నెమ్మదిగా చెప్పింది. ఒకటి విరిగింది, నేను విరవలేదు, నిన్ను బాధ పెట్టాలని కాదు అని. ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి.

నూరా వంగి విరిగిన కాలును చూసింది. తర్వాత నాతో ఇంగ్లీషులో అంది. "అది నాకు పెట్టండి. ఆ కథ తర్వాత ఏమవుతుందో అమ్మ ఎప్పుడూ పూర్తిగా వినలేదు."

"ఏమవుతుంది?"

"థోర్‌కు ముందు చాలా కోపం వస్తుంది. తర్వాత మేకలను ఆ ఇంట్లోనే వదిలి, తను నడిచి వెళ్తాడు. కుంటుతున్న మేకను ఎవరూ పరుగెత్తమనలేదు."

మామా ఎప్పుడు వచ్చిందో, మా వెనకే నిలబడి ఉంది. ఒంటి మీది నల్లటి పొడవాటి అబాయాతోనే ఇసుకలో కూతురి పక్కన కూర్చుని, "తర్వాత మేకకు ఏమైంది?" అని అడిగింది. నూరా చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరుగా పిల్లలందరూ అక్కడికే చేరారు.

భోజనం నిప్పు చుట్టూనే జరిగింది. రొట్టె, బార్లీ గంజి, తేనె నీళ్ళు, ఎముక నుంచి దానంతటదే ఊడి వచ్చే మాంసం. విరిగిన కాలు నూరా పళ్ళెంలోకే వెళ్ళింది. అయ్యాక ఎముకలన్నీ తనే ఏరి గుడారంలోంచి తెచ్చిన ఒక గొర్రె తోలు మీద పేర్చింది. దాని కోసం నాలుగైదుసార్లు లేచి అటూ ఇటూ నడిచింది. ఎవరూ యల్లా అని తొందర పెట్టలేదు. అక్క మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "పొగ" అంది నాతో.

మనకు కారం లేని మాంసం మొదట చప్పగా తోస్తుంది. రెండో ముద్దకు తేనె, ఆవాల ఘాటు, పొగ వాసన నాలుకకు తెలుస్తాయి. కానీ ఆ రోజు నాకు గుర్తుండేది రుచి కాదు. ప్రేమతోనే ఒక తల్లి కూతురిని తొందర పెడుతూ వచ్చింది. ఆ కూతురు తన మనసులో మాట చెప్పుకోవడానికి ఎక్కడో మంచు దేశాల మేక కావలసి వచ్చింది. సొంత మాటల్లో చెప్పలేనివి కథలో పెట్టి చెప్పవచ్చని నాకు పన్నెండేళ్ళ పిల్ల నేర్పింది. మీరూ చలికాలంలో ఇటు వచ్చి ఇలా వండాలనుకుంటే ఒక్క సూచన. నిప్పు గుంటను గుడారానికి దూరంగా, గాలి తగలని వైపు తీయండి, దాని చుట్టూ పదిమంది కూర్చునేంత చాపలు పరచండి. మూడు గంటలు పట్టే వంట ఇది. ఆ చలిలో మనుషులు వెచ్చదనం కోసం వస్తారు, మాటల కోసం ఉండిపోతారు.