మామగారు చెక్కిన తలుపు

పూరిళ్ల కప్పులు వేసే ఆ మనిషిని అందరూ పిచ్చుక అనేవారు. అతను నేల మీద నడిచింది తక్కువ, కప్పుల మీద కూర్చుంది ఎక్కువ. పైగా నోట్లో ఎప్పుడూ ఓ గడ్డిపరక. అందరి ఇళ్లూ హుషారుగా కప్పేవాడు గానీ, అత్తగారింటి మాటెత్తితే మాత్రం గుండెల్లో రాయి పడేది.

ఆ ఇల్లు మామగారి తాత కట్టింది. దూలాలు, నిట్రాటలు, వాసాలు అన్నీ చెక్క చీలలతో బిగించినవే. వెతికినా ఇనుప మేకు దొరకదు. మామగారి తండ్రి దానికి వంటగది కలిపాడు, మామగారు వసారా దించారు. కప్పు దగ్గర మాత్రం అందరిదీ ఒకే బద్ధకం. పాత గడ్డి తీయకుండా దాని మీదే కొత్తది పరిచేశారు. పెళ్లైన కొత్తలో పిచ్చుకా అదే పని చేసి చేతులు దులుపుకున్నాడు. ఆ బరువుకు ఇల్లు కుంగి ఓ పక్కకు ఒరిగింది. వంటగది తలుపు పట్టేసినప్పుడల్లా మామగారు తప్పంతా తలుపుదేనని దానికి చిత్రిక పట్టేవారు. పోయేదాకా పట్టారు.

ఈ ఏడాది తలుపు అసలు కదలనంది.

"రేకులు వేయించేస్తాను అల్లుడూ. నీ గడ్డికో దణ్ణం," అన్నారు అత్తగారు.

సొంత అత్తగారింటి మీదే రేకులు పడితే ఇక తనను పనికి పిలిచేదెవరు? పిచ్చుక కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఒక్కసారి మొత్తం విప్పి కప్పనివ్వండి అత్తయ్యా."

"సరే. తలుపు తెరుచుకుంటే గడ్డి, లేకపోతే రేకులు."

మర్నాడు పైకెక్కాడు. తను వేసిన గడ్డి కింద మామగారిది, దాని కింద ఆయన తండ్రిది, అట్టడుగున తాతగారి నాటి మసిగడ్డి. మోపులు మోపులుగా తోసేస్తుంటే ఆ దుమ్ములో అత్తగారు కనిపించడం మానేశారు, తుమ్ములు మాత్రం వినిపిస్తున్నాయి. ఆఖరి మోపు జారిందో లేదో ఇల్లంతా కిర్రుమంది. దూలం పైకి లేచింది, దాంతోపాటు పిచ్చుకా లేచాడు. పై ప్రాణాలు పైనే పోయి, దూలాన్ని కావలించుకుని కళ్లు మూసుకున్నాడు.

ఇల్లు పడలేదు, నిటారుగా నిలబడింది. ఒరిగిన గోడకు సరిపడా ఓ పక్క కింద చెక్కలు పెట్టి ఎత్తిన అల్మారా ఇప్పుడు వాలిపోయి, గిన్నెలన్నీ దొర్లుకుంటూ వసారాలోకి వచ్చాయి. వంటగది తలుపు ఎవరూ ముట్టకుండానే తెరుచుకుంది.

గెలిచానని గంతులేసుకుంటూ దిగి, పిచ్చుక దాన్ని వేసి చూశాడు. పైన ఏటవాలుగా పిల్లి దూరేంత సందు.

"తెరుచుకుంది సరే, మూసుకోదేం?" అన్నారు అత్తగారు.

"కొత్త తలుపు చేయిస్తాను అత్తయ్యా."

ఆవిడ తలుపు పై అంచును చేత్తో నిమిరారు. భుజాలు అదిరాయి. ఏడుస్తున్నారనుకున్నాడు, చూస్తే నవ్వుతున్నారు.

"బతికున్నన్నాళ్లూ దీన్ని తిట్టుకుంటూ చెక్కారు మహానుభావుడు. పాపం, దీని తప్పేం లేదు."

నవ్వు ఆపుకోలేక గడ్డికుప్ప మీద కూలబడ్డారు. పిచ్చుకకూ అదే నవ్వు అంటుకుని పక్కనే చతికిలబడ్డాడు.

"తలుపు జోలికి రాకు, అది ఆయన చేతిపని," అన్నారావిడ కళ్లు తుడుచుకుంటూ. "పైన గడ్డే వెయ్యి. పల్చగా వెయ్యి. తొందరగా పాడైతే మళ్లీ నువ్వే వద్దువుగాని."