పాత చింతకాయ అని నేను పిలిచిన మనిషి

మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, సోమవారం తెల్లవారాక కన్నుమూశారు. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దబాపు ఇగ లేడు" అన్నాడు. వినగానే నేను ఆయనకు పెట్టిన పేరు గుర్తొచ్చింది. పాత చింతకాయ. కాలంతో మారని పెద్దవాళ్ళను మేమంతా అలాగే వెక్కిరించేవాళ్ళం.

ఆయన గోదావరిఖనిలో ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గు బాయిలో పనిచేశారు. ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి మాట్లాడినా నచ్చేది కాదు. కాలేజీ దూరమని ఇంట్లోవాళ్ళు పదోతరగతితో నా చదువు ఆపబోతే మాత్రం ఆయనే అడ్డుపడ్డారు.

"సదువు ఎందుకు ఆపుడు? ఆడపిల్ల ఒక్కతె పోవద్దు, గంతే. ఎన్క నేను నడుస్త."

రెండేళ్ళు నడిచారు. రాత్రి షిఫ్టు దిగి, కళ్ళ అంచుల్లో బొగ్గు నలుపుతోనే, టిఫిన్ డబ్బా పట్టుకొని, బస్టాండు దాకా నా వెనక పది అడుగుల దూరంలో. ఒకరోజు స్నేహితురాలు "ఎవరే ఆయన?" అని అడిగింది. "మా పక్కింటి పాత చింతకాయ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన విన్నారేమో. మర్నాటి నుంచి ఇరవై అడుగుల వెనక నడిచారు.

తర్వాత కొన్నేళ్ళకు ఆయన కూతురు, మా అక్క, తనతో పనిచేసే క్రైస్తవుల అబ్బాయిని చర్చిలో పెళ్ళి చేసుకుంది. ఆమె పేరు ఇంట్లో ఎత్తవద్దన్నారు పెద్దబాపు. అప్పుడు ముఖం మీదే అనేశాను. "నువ్వు పాత చింతకాయవే పెద్దబాపూ."

ఆయన కోప్పడలేదు. "అవును బిడ్డ. గిట్లనే పెరిగిన. ఇప్పుడు ఇంకో తీరు ఎట్ల కావాలె?" అన్నారు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. పోయిన ఎండాకాలం, ఊపిరి అందని దమ్ముతో నాలుగడుగులకోసారి ఆగుతూ, ఒక్కరే బస్సెక్కి గోలేటిలో అక్క ఇంటికి వెళ్ళారు. లోపలికి పోకుండానే తిరిగొచ్చారు. నాకొక్కదానికే చెప్పారు.

"తలుపు తీసే ఉండె. అన్నం తింటున్నరు. ఏ ముఖం పెట్టుకొని పోవాలె?"

"అక్కకు చెప్పాల్నా?"

"వద్దు. మల్ల నేనే పోత."

నేను ఊరుకున్నాను. ఆయన మళ్ళీ మంచం దిగలేదు.

అక్కకు కబురు ఆలస్యంగా పంపారు. ఆమె వచ్చేసరికి మగవాళ్ళు గోదావరి ఒడ్డు నుంచి తిరిగొస్తున్నారు. నా చెయ్యి పట్టుకొని, "ఎన్నడన్న నన్ను అడిగిండా?" అంది. గోలేటి సంగతి చెప్పాను.

"అప్పుడు నేను తలుపు దిక్కు కూసున్ననా, తలుపుకు వీపు పెట్టి కూసున్ననా?" అని అడిగింది.

నాకు తెలియదు. ఆయన చెప్పలేదు.

ఇల్లు కడిగిన నీళ్ళు గడప దాటి వాకిట్లోకి పారుతున్నాయి. అక్క ఆ తడిలోనే కూర్చుంది, వీధి వైపు తిరిగి.