పెనుకొండ అన్న చెప్పిన ముగింపు

పోయిన నెల ఒక మధ్యాహ్నం, అన్నం తిని ఇంత నడుం వాలుద్దామని చాప పరుచుకుంటున్న వేళకు, యాభై దాటిన ఒకావిడ మా హిందూపురం ఇంటి తలుపు తట్టి, చేతిసంచి గుండెకు ఆనించుకుని గడప అవతలే నిలబడిపోయింది. ఈ రోజుల్లో గడప దాకా వచ్చే కొత్తముఖాలంటే ఏదో ఒకటి అమ్మజూపేవాళ్ళే కాబట్టి, మాకేమీ వద్దమ్మా అని ముందే విసురుగా చెప్పేశాను. ఉద్యోగం మానినా నా నోటి దురుసు మాత్రం మానలేదు మరి. ఆవిడ నొచ్చుకోలేదు. తనది గాండ్లపెంట అనీ, ఒకప్పుడు నాతోపాటు రైల్లో ధర్మవరం తిరిగిన పెనుకొండ ఆయన కూతుర్ననీ మెల్లగా చెప్పింది. మా పెనుకొండ అన్నకు భార్య ఉందని తెలుసు గానీ, కూతురుందన్న సంగతి ఆ క్షణం దాకా నాకు తెలియదు.

లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాను. తాగి, సంచిలోంచి పాత వారపత్రిక కాగితాలు తీసి నా ఒళ్ళో పెట్టింది. పైకాగితం మీద బస్టాండులో చంటిబిడ్డను చంకనేసుకుని నిలబడ్డ ఆడమనిషి బొమ్మ. చూడగానే గుర్తుపట్టాను, మేము రైల్లో చదువుకున్న సీరియల్ నవల. అన్న కాలం చేశాక ఆయన ఉన్న గదిలో ఇవి దొరికాయట. పుస్తకంగా అచ్చు వేయిద్దామని కూర్చుని చదివితే కథ నడిమధ్యలో ఆగిపోయింది, తరువాతి భాగాలు లోకంలో ఎక్కడా లేవు. అడిగి అడిగి, మా రైలు గుంపులోని సాయిబు మామ ఇల్లు పట్టుకుంటే, మామ కూడా ఎప్పుడో పోయాడనీ, విన్నవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నేననీ ఆయన కొడుకు చెప్పి నా దగ్గరికి పంపాడట.

“దీని కడ ఏమైందో మా నాయన మీకు నోటితో చెప్పినాడంట కదమ్మా. నాకు చెప్పండి” అంది.

ఆ నవల ఎట్లా మొదలైందో, ఏ వారం ఎక్కడ ఆగిందో, ఎవరెవరు కళ్ళు తుడుచుకున్నారో అన్నీ గుర్తున్నాయి నాకు. ఆమె అడిగిన ఆ ముగింపు ఒక్కటీ తప్ప.

మొదటినుంచీ చెబుతాను. ఆ రోజుల్లో నేను ధర్మవరం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. పొద్దున్నే హిందూపురంలో ప్యాసింజరు ఎక్కితే, అది ప్రతి స్టేషన్లోనూ ఆగి ఊపిరి పీల్చుకుంటూ, పెనుకొండ మీదుగా తన ఇష్టమొచ్చినప్పుడు ధర్మవరం చేరేది. మా పెట్టెలో ఒక మూల మాది. పట్టునూలు మూటలు ధర్మవరం మగ్గాలవాళ్ళకు ఇచ్చిరావడానికి వచ్చే సాయిబు మామ, ధర్మవరం బడిలో పాఠాలు చెప్పే అంగడివీధి అక్క, నేను. మామ అన్నా, అక్క అన్నా నెత్తుటి చుట్టరికమేమీ లేదు, రైలు కలిపిన వరసలు అవి. మామకు అక్షరం రాదు, కానీ కథంటే ప్రాణం పెట్టేవాడు. వారపత్రిక స్టేషన్ అంగడికి వచ్చిన రోజు మామ కోసం నేను పైకి చదివేదాన్ని. ఫోన్లలో అరిచి అరిచి రాటుదేలిన గొంతు నాది, రైలు చప్పుడును మించి వినిపిస్తుందని అందరూ నాకే అంటగట్టారు.

మా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, సీరియల్ నవల అంటే అప్పుడు ఇంట్లో మనిషి కింద లెక్క. కానీ మేము చదివినవన్నీ ఎక్కడో కాలవలూ కొబ్బరిచెట్లూ ఉన్న ఊళ్ళ కథలు. రచయిత అంటే మాకు మద్రాసులోనో బెజవాడలోనో మేడమీద ఈజీచైర్లో కూర్చుని, మాకు రాని తెలుగు మాట్లాడే మహానుభావుడు. అట్లాంటిది ఆ సంవత్సరం ఒక కొత్త రచయిత్రి పేరుతో మొదలైన నవలలో మొదటి పేజీలోనే వాన మొహం చూడని వేరుశెనగ చేను, గోరంట్ల సంత, సోమందేపల్లి రోడ్డు పక్కన బస్సు కోసం కాచుకున్న జనం. చదువుతూ చదువుతూ నేను ఆగిపోయాను. మన ఎండ, మన దుమ్ము కూడా నవలకు పనికొస్తాయా అని ఒళ్ళు జలదరించింది. అక్క అయితే బుగ్గన చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి ఆ బీళ్ళనే కొత్తగా చూస్తూ ఉండిపోయింది.

కథ చెప్పుకుంటే చాలా చిన్నది. అత్త నోటికి తాళలేక, ఆ అత్తకు ఒక్కనాడూ అడ్డుచెప్పని మొగుడి మౌనానికి అంతకంటే తాళలేక, ఒక ఇల్లాలు పసిబిడ్డనెత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోతుంది. ఆ మొగుడు వెళ్ళి పిలుస్తాడా, పిలవడా, అంతే. కానీ ఆ మౌనాన్ని రాసిన తీరుందే, అబ్బా! భార్య మూట కట్టుకుంటుంటే ఆ మొగుడు ఎద్దులకు నీళ్ళు పెడుతూ, పెట్టిన తొట్టిలోనే మళ్ళీ మళ్ళీ పోస్తుంటాడు. అది చదివిన రోజు ఎక్స్ఛేంజిలో ఒకరికి కలపాల్సిన కాల్ ఇంకొకరికి కలిపి తిట్లు తిన్నాను.

పెనుకొండలో ఎక్కే అన్న మా బెంచీ చివరన కూర్చునేవాడు. సన్నగా, ఎత్తుగా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నవాడి మొహంతో ఉండేవాడు. ధర్మవరంలో ఏదో ఆఫీసులో గుమాస్తా. మాటకు మాట బదులిచ్చే మనిషి కాడు. పత్రికలో మనుషుల మాటలు కోస్తా తీరులో అచ్చయ్యేవి, నాకవి నోరు తిరిగేవి కావు, అందుకని చదివేటప్పుడు యాడ, ఈడ అని మనట్లు మార్చేసి చదివేదాన్ని. ఒకరోజు అన్న ఉన్నట్టుండి, “అందులో అట్లే రాసిండాదా?” అని అడిగాడు. లేదన్నా, నేనే మారుస్తాండా అన్నాను. “నువ్వు చదివిందే సరి” అని మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయాడు. నాకేమి తెలుసు, పత్రికవాళ్ళు మార్చేయకముందు ఆయన రాసింది రాసినట్టుగా నా నోట్లోనే మొదటిసారి విన్నాడని!

పత్రిక వారానికొకసారి వచ్చేది, మా పోట్లాట మాత్రం రోజూ ఉండేది. ఆ మొగుడు తర్వాత ఏం చేస్తాడన్నదే తగాదా. మామ అనేవాడు, “బిడ్డ మీద మనసు లాగల్లప్పా యాడికన్నా! బస్సు దిగుతాడు, వాకిట్లో ఆడుకుంటాండే బిడ్డను ఎత్తుకుంటాడు, ఇంకేముండాది, అంతా సరిపోతాది.” అక్క ఒప్పుకునేది కాదు. అట్లాంటి నోరులేని మొగవాళ్ళు బస్సు దిగి ఇంటిని దూరంనుంచి చూసి, అదే బస్సెక్కి వెనక్కి వచ్చేస్తారని ఆమె పంతం. నేనైతే ఊరుకునేదాన్ని కాను. వీధి నడుమ నిలబడి, ఊరంతా వినేట్టు పేరుపెట్టి పిలవాల్సిందే, లేకపోతే ఆ రచయిత్రిని కలిసి కడిగేస్తానని బెంచీ మీద చరిచి చెప్పేదాన్ని. అన్న అన్నీ వినేవాడు. ఏమన్నా, నువ్వేమంటావంటే నవ్వి ఊరుకునేవాడు.

ఒక వారం పత్రిక రాలేదు. ఆ మరుసటి వారమూ రాలేదు. పత్రిక మూతపడిందని స్టేషన్ అంగడాయన చావుకబురు చల్లగా చెప్పాడు. కథలో మొగుడు అప్పటికి బస్సెక్కి ఉన్నాడు, అంతే. మామ ఆ రోజు ఎవరిని తిడుతున్నాడో తెలియకుండా తిట్టాడు. అక్క అన్నం డబ్బా తెరవలేదు. ఇంట్లో ఎవరో తప్పిపోయినట్టు పెట్టెంతా దిగులు పట్టింది. మాకు తోచక, ముగింపులు మేమే చెప్పుకోవడం మొదలుపెట్టాం, ఎవరిది వారు, రోజుకొక మెరుగు పెట్టుకుంటూ.

అప్పుడే ఒక పొద్దున, పెనుకొండ దాటాక, అన్న గొంతు సవరించుకుని, దాని కడ నాకు తెలుసు అన్నాడు. నీకెట్లా తెలుసన్నా అంటే, ఆ పేరు తన భార్యదనీ, రాసింది తానేననీ చెప్పాడు. మేము పూజించిన రచయిత్రి ఇన్నాళ్ళూ మా బెంచీ చివర నలిగిన చొక్కాతో కూర్చుని, మా తిట్లూ మా పొగడ్తలూ మోస్తూ వచ్చాడు! ఆ తరువాత ధర్మవరం దాకా ఆయన ముగింపు చెప్పాడు. నేలచూపులు చూస్తూ, చిన్న గొంతుతో. చెబుతుంటే మామ తలపాగా అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

భార్య పేరుతో రాసినందుకు మేము ఆయన్ను ఎంత ఆటపట్టించామో తలచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. వదినను ఒకరోజు పిలుచుకు రా అన్నా, చూస్తాం, అదృష్టవంతురాలు అని వేధించేదాన్ని. ఆయన సరేనమ్మా అనేవాడు. రాసి ఇంకో పత్రికకు పంపమంటే, ఉన్న ఒక్క ప్రతీ ఆ పత్రిక దగ్గరే పోయిందనీ, మీకు చెప్పేసినా కదా, ఇంక రాసే పనేముందనీ అన్నాడు. కొన్నాళ్ళకు బదిలీ అయిపోయాడు. మళ్ళీ ఏమీ రాయలేదని కూతురు చెబితేనే తెలిసింది.

కూతురు మిగతాదీ చెప్పింది. ఆ నవలలోని ఇల్లాలు వాళ్ళమ్మ. చంకలోని పసిబిడ్డ తనే. అన్న పెనుకొండలో ఒంటరిగా బతికాడు, ఈమె గాండ్లపెంటలో అవ్వతాతల దగ్గర పెరిగింది. “మా అమ్మ తన పేరు పత్రికలో పడిండాదని తెలీకుండానే పోయిందమ్మా. ఆయప్ప మా ఊరికి ఒక్కసారి గూడా రాల్యా. నేను కాగితాలు చదివినాక అనుకున్యా, రాకపోతే పోయె, రావాలని మనసులో అన్నా ఉండిందేమో, అది కడాకర్న రాసింటాడు కదా అని” అంది. పుస్తకం వేయడం ఒక వంక మాత్రమే. తండ్రికి తాము కావాలో వద్దో తెలుసుకోవడానికి యాభై ఏళ్ళ తరువాత ఆమె నా గడప తొక్కింది.

నేను కళ్ళు మూసుకున్నాను. దేవుడా, ఒక్క మాటన్నా అందించు అనుకున్నాను. అన్న గొంతు వినిపించింది, “బస్సు దిగినాడు” అని. అంతవరకూ నిజం, ప్రమాణం చేసి చెప్పగలను. ఆ తరువాత వాకిట్లో బిడ్డ ఉంది, తిరుగు బస్సు ఉంది, వీధి నడుమ పిలుపు ఉంది, మూడూ అన్న గొంతుతోనే వినిపిస్తున్నాయి. ఏది ఆయనది, ఏది మాది? ఆయన చెప్పింది ఒక్కసారి. మేము పోట్లాడింది రోజూ, ఆయన చెప్పకముందూ చెప్పాక కూడా. ఎంత తవ్వినా నేను బెంచీ చరిచి చెప్పుకున్న నా ముగింపే పైకి తేలుతోంది, అందుకే దాన్ని నమ్మలేకపోయాను. అన్న నేలచూపులు చూస్తూ చెప్పినదాన్ని నా మాటల కింద నేనే పూడ్చేశాను.

పిలిచాడని చెప్పేస్తే ఏం పోయింది అని ఒక క్షణం నోటిదాకా వచ్చింది. ఆమె కళ్ళు చూసి చెప్పలేకపోయాను. మూడూ చెప్పి, ఏది ఎవరిదో చెప్పి, నాకు తెలియడం లేదు తల్లీ అని ఏడ్చేశాను. ఆమె నన్ను ఓదార్చింది. వాళ్ళ నాయనను నేను అన్నా అని పిలిచేదాన్నని విన్నాక, అత్తా అనడం మొదలుపెట్టింది. కాగితాలు సంచిలో సర్దుకుంటూ, “పోనీ, మా నాయన పోయి పిలిచినాడే అనుకో అత్తా, మా అమ్మ వచ్చిండునా?” అని అడిగింది.

అన్నాళ్ళు, అన్ని మైళ్ళు పోట్లాడుకున్నాం, ఆ మొగుడు ఏం చేస్తాడనే తప్ప ఆమె ఏమంటుందని మా పెట్టెలో ఒక్కరికీ తోచలేదు. నేనూ అక్కా ఇద్దరం ఆడవాళ్ళం ఉండి కూడా అడగలేదు. ఆమె పేరు పెట్టుకుని రాసిన మనిషి పక్కనే కూర్చున్నా అడగలేదు.

ఆమె వెళ్ళిన వారానికి, మోకాళ్ళ నొప్పులను కూడా లెక్కచేయకుండా, ఆ దారిలో కూర్చుంటే గుర్తొస్తుందేమోనని ధర్మవరం దాకా రైల్లో వెళ్ళి వచ్చాను. గుర్తు రాలేదు. ఎదుటి సీట్లవాళ్ళు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు, వాళ్ళను అనుకుని లాభం లేదు, వాళ్ళ కథలు వాళ్ళవి. అచ్చు మానుకున్నానని కూతురు ఫోన్ చేసి చెప్పింది, సగం నవల ఎవరు చదువుతారత్తా అంది. నిజమే, ఎవరు చదువుతారు? ఆనాడు ఒక నవల ఆగిపోతే పెట్టెడుమంది దిగులుపడ్డాం. ఈనాడు ఆ నవల మొత్తమే లేకుండా పోతుంటే దిగులుపడేవాళ్ళం ఇద్దరమే మిగిలాం, ఆమె గాండ్లపెంటలో, నేనిక్కడ. మా ఇద్దరిలో ఎవరికీ దాని కడ తెలియదు.