అమ్మ ఫ్లెక్సీ

సత్తెనపల్లిలో ఒక మందుల షాపు మేడ మీద కంప్యూటర్ సెంటర్ ఉంది. ఫోటోలు డిజైన్ చేయడం నేర్చుకుందామని నేను అక్కడ చేరేసరికి నాకు ముప్పై దాటాయి. పిల్ల బడికి, మా ఆయన ఎరువుల కొట్టుకు వెళ్లిపోతే మధ్యాహ్నం దాకా ఇంట్లో నేనొక్కదాన్నే. పెళ్లి ఆల్బమ్ పేజీలు ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చని ఎవరో చెబితే నమ్మి వెళ్లాను.

నేర్పే అమ్మాయి నాకంటే చిన్నది. మొదటి వారమంతా లేయర్ల దగ్గరే ఆగిపోయాను. ఫోటో మీద అక్షరాలు రాసి, వాటిని జరపబోతే ఫోటో జరిగేది. మనిషి వెనకున్న గోడ చెరపబోతే మనిషి చెయ్యి పోయేది. ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పేది.

"అక్కా, ముందు ఏ లేయర్ మీద ఉన్నావో చూసుకో. పైనున్నది కిందదాన్ని కప్పుద్ది. కనపడనంత మాత్రాన పోయిందని కంగారు పడొద్దు."

బెల్లంకొండ దగ్గర మా ఊళ్లో ఉన్న అమ్మ, రోజూ ఫోన్ చేసి ఇవాళ ఏం నేర్చుకున్నావని అడిగేది. ఫోటోలో మనుషుల్ని విడదీసి వేరేచోట పెట్టడం అని చెప్పాను ఒకసారి.

"మనుషుల్ని విడదీయడానిక్కూడా చదువుండాలా?" అని నవ్వింది. "అట్టయితే నన్నొక్కదాన్ని తీసి పెట్టు. ఏ ఫోటోలో చూసినా మందలోనే ఉంటాను."

నిజమే. ఉన్న వాటిలో మంచిది ఎత్తిపోతల వెళ్లినప్పుడు తీసిందే. రెయిలింగ్ దగ్గర అందరం వరసగా నిలబడ్డాం, మధ్యలో అమ్మ, పసుపురంగు చీరలో. ఆ ఫోటోతోనే సాధన మొదలుపెట్టాను. జలపాతం గాలికి అమ్మ జుట్టంతా రేగి ఉంది. ఒక్కో వెంట్రుకా తెగిపోకుండా అమ్మను వెనకున్న నీళ్ల నుంచి విడదీయడం నాకు చేతకాలేదు. మాస్క్ వాడమని, అప్పుడు తప్పుగా చెరిపినా మళ్లీ తెచ్చుకోవచ్చని ఆ అమ్మాయి నేర్పింది.

ఆ పని సగంలో ఉండగానే అమ్మకు జ్వరం వచ్చింది. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. తిరిగి తెచ్చింది ఆమె శవాన్నే.

పెద్దకర్మకు ఫ్లెక్సీ వేయించాలని అన్నయ్య అన్నాడు. అన్నయ్య అప్పటికి మండల రాజకీయాల్లో తిరుగుతున్నాడు, ఎంపీటీసీ సీటు మీద ఆశ ఉంది.

"నేర్చుకుంటున్నావుగా, నువ్వే చెయ్యి. షాపోళ్లయితే తొందరలో ఏదో ఒకటి అంటిస్తారు," అన్నాడు.

ఏడుపు మధ్యలోనే నాకు సంతోషం కలిగింది. అమ్మకు నేను చేయగలిగింది ఒకటి మిగిలి ఉందనుకున్నాను. జుట్టు పని పూర్తిచేసి, లేత నీలం మీద అమ్మను ఒక్కదాన్నే మధ్యలో పెట్టాను. ఒక్క వెంట్రుకా తెగలేదు. అదే బొమ్మ చిన్నది ప్రింటు తీయించి, సత్తెనపల్లిలో ఫ్రేము కట్టడానికి ఇచ్చాను. కర్మ రోజు పొద్దున్నే మనిషిని పంపి తెప్పిస్తానని అన్నయ్య మాటిచ్చాడు.

ఫ్లెక్సీ చూద్దామని మా ఇంటికొచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. కాసేపు చూశాడు.

"బానే ఉంది. పైన పెద్దాయన ఫోటో పెట్టు," అన్నాడు. పెద్దాయనంటే వాళ్ల నాయకుడు. పెట్టాను. తర్వాత మండలంలో ముఖ్యులు. ఆ తర్వాత రెండు చేతులు జోడించి నిలబడ్డ అన్నయ్య. ఒక్కొక్కరికీ ఒక్కో లేయర్. చోటు చాలక అమ్మను తగ్గించాను. మళ్లీ తగ్గించాను. చివరికి నాయకుడి భుజం వచ్చి అమ్మ జుట్టు మీద పడింది. అమ్మ లేయర్‌ని పైకి లాగాను.

"అట్టా కాదు," అన్నాడు అన్నయ్య. "అమ్మ ఆయన మీదికొస్తే చూసినోళ్లు ఏమనుకుంటారు? కిందికి దించు."

"ఇది అమ్మ కర్మ అన్నయ్యా."

"నాకు తెలవదా? ఆయన వస్తున్నాడు. ఆయనెవరో జనానికి కనపడొద్దా? అమ్మ మొహం కనపడతానే ఉందిగా."

దించాను. అడుగున కుటుంబ సభ్యుల పేర్లు చెప్పాడు, టైపు చేశాను. తన పేరు, తన ఇద్దరు కొడుకుల పేర్లు. అక్కడితో ఆపాడు.

"నా పేరు?" అన్నాను.

"ఆడపిల్లల పేర్లు ఎవరేస్తారే? నీ ఇంటిపేరు వేరు గదా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఊరంతటికీ తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేను ఫైలు సేవ్ చేసి ఇచ్చేశాను.

కర్మ రోజు ఇంటి ముందు షామియానా వేశారు, ఫ్లెక్సీ కట్టారు. నాయకుడు భోజనాల వేళకు వచ్చాడు. చేతిలో పూలదండ ఉంది. షామియానాలోకి వచ్చి అటూ ఇటూ చూశాడు.

"అమ్మ ఫోటో ఏదయ్యా?" అని అడిగాడు.

అన్నయ్య వెనక్కి చూశాడు. బాబాయి ఒక కుర్చీ తెచ్చి, దాని మీద తెల్లగుడ్డ పరిచాడు. దాని మీద పెట్టడానికి ఏమీ లేదు. ఫ్రేము సత్తెనపల్లి కొట్టులోనే ఉంది. నాయకుడికి ఎదురువెళ్లే హడావిడిలో దాన్ని తెమ్మని అన్నయ్య ఎవరికీ చెప్పలేదు. నాయకుడు మంచి మర్యాదస్తుడే. ఫ్లెక్సీ దగ్గరకు నడిచి దాని అడుగున దండ పెట్టాడు. ఆ దండకు సరిగ్గా పైన చేతులు జోడించి నిలబడ్డ మా అన్నయ్య బొమ్మ ఉంది. అమ్మ ఎడమవైపు ఒక మూలన ఉంది. అందరూ ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. నాయకుడు దండ పెడుతున్న ఫోటోనే అన్నయ్య వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు.

నేను పందిట్లో వడ్డించడం ఆపి లోపలికి వెళ్లి కూర్చున్నాను. వదిన వచ్చి, "జనం ఉన్నారు, ఇప్పుడు ఎందుకు ఏడుస్తావు?" అంది. నేను ఏడవడం లేదు. ఏడుపొస్తే బాగుండేది. మర్నాడు బస్సులో వెళ్లి ఫ్రేము తెచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. పెద్దింట్లో ఉండాల్సిందని అన్నయ్య అడిగితే ఇవ్వలేదు.

కోర్సు పూర్తయింది. ఇప్పుడు రెండు స్టూడియోలకు ఆల్బమ్ పేజీలు చేస్తున్నాను. అన్నయ్యకు సీటు రాలేదు, ఆశ పోలేదు. ఈ మధ్య నాయకుడి పుట్టినరోజుకు ఫ్లెక్సీ కావాలని ఫోటోలు పంపి, ఫోన్ చేశాడు.

"షాపులో చేయించుకో," అన్నాను.

"ఎందుకే? నీకొచ్చుగా."

"వచ్చు," అని ఫోన్ పెట్టేశాను.