సరైన టైము కొనుక్కొచ్చిన ముచ్చట

ఒమన్ దేశంల రైసూత్ పోర్టు కాడ మా రూముల ఆరుగురం ఉంటుంటిమి, ఏడు టైములు ఉంటుండె. ఆరుగురి చేతులకు ఆరు, కిటికీల అలారం గడియారం ఒకటి. ఏ రెండూ కలిసేటివి కావు. ఎవలను అడిగినా నాదే కరెక్టు అంటరు. అందరికంటె నేను మొండి. నా చేతి గడియారం పెండ్లిల మా మామ పెట్టింది, దాన్ని ఎవడన్న తప్పన్నడా, నాకు ఒళ్లు మండేది.

ఇగ కంపెనీ టైము సంగతి చెప్తే నవ్వుతరు. పొద్దుగాల బస్సు డ్రైవరు గేటు కాడి వాచ్‌మన్‌ను అడిగి తన గడియారం పెట్టుకుంటుండె. వాచ్‌మనేమో బస్సు కనబడంగనే ఐదున్నర అయిందని తన గడియారం తిప్పుకుంటుండె. ఇద్దరు ఒకరినొకరు నమ్ముకొని హాయిగ బతికిండ్రు. మాకూ ఏం నష్టం లేకుండె. గోదాములు కట్టే పని, అందరం కలిసే తప్పు టైముకు పోతుంటిమి.

టైముతోటి నాకు పని పడ్డది నా బిడ్డ వల్ల. నేను ఒమన్ వచ్చిన నాలుగు నెలలకు పుట్టింది. ఏడాది దాటింది. ఫోటో చూసిన గని గొంతు వినలే. మా ఊర్ల ఫోన్ లేకుండె. మా ఇంటామె బిడ్డను చంకనేసుకొని మూడు మైళ్లు నడిచి బస్టాండు కాడి ఎస్టీడీ బూతుకు రావాలె. నెలకొక శుక్రవారం, మన దేశం టైము సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తనని ఉత్తరంల రాసిన. అంటే ఒమన్‌ల నాలుగున్నర. ఆరుంబావుకు మా ఊరి దిక్కు ఆఖరి బస్సు. అది పోతే ఆమె చీకట్ల నడవాలె.

మొదటిసారి నా గడియారం చూసుకొని సరిగ్గ నాలుగున్నరకే ఫోన్ చేసిన. "ఇప్పుడే బస్సెక్కింది అన్నా" అన్నడు బూతాయన. మామ పెట్టిన గడియారం ఇరవై నిమిషాలు ఎనుకపడ్డది. రెండోసారి అలారం గడియారాన్ని నమ్మిన. అది ముందు ఉరుకుతుందట, నాకేం తెలుసు? "ఇంక రాలేదన్నా" అన్నడు. మా కాడ ఒక్కటే కార్డు ఫోన్, నా ఎనుక లైన్ల పదిహేను మంది. అద్దాల డబ్బాలకెల్లి బయటికొచ్చి మళ్ల ఎనుకకు పోయి నిలబడ్డ. నా వంతు వచ్చేవరకు ఆమె మళ్ల బస్సెక్కింది.

పదిహేను దినాలకు ఉత్తరం వచ్చింది. "బిడ్డ నాయినా అంటుంది. నీకు వినిపిద్దామని రెండుసార్లు తీసుకపోయిన. ఆ ఫోన్ దిక్కు చూసి చూసి వచ్చినం. ఇంకొక్కసారి వస్త. అప్పుడు గూడ మోగకుంటే ఇగ రాను, ఉత్తరాలే రాసుకుందాం." ఆ దినం మా మామ మీద కోపమొచ్చింది, గడియారం మీద కోపమొచ్చింది, నా మీద నాకు ఏడుపొచ్చింది.

రూములోల్లు చూసి పాపమనుకున్నరు. "తలా ఇంత ఏసుకొని గోడకు మంచి గడియారం కొందాం, ఇగ లొల్లి ఉండది" అన్నరు. మా రూముల పెద్దమనిషి కడప నుంచి వచ్చిన ముసల్మాన్ వెల్డరు. అందరం చిచ్చా అని పిలుస్తుంటిమి. పొద్దుగూకంగనే చిన్న రేడియో చెవికి ఆనిచ్చుకొని హిందీ వార్తలు వినేది ఆయన అలవాటు. "యాల అబ్బీ కొత్త గడియారం? నా రేడియోలో గంటగంటకు టైము తెలిసేదానికి పీప్ పీప్ అని కూత పెడ్తారు కదప్పా. దానికి తిప్పుకుంటే సాలదా?" అన్నడు.

"నీ డొక్కు రేడియో ముచ్చట నాకు చెప్పకు చిచ్చా" అని కసురుకున్న. ఆయనేం బాధపడలే. నాతోటే పక్కనున్న సలాలా పట్నం బజారుకు బయలెల్లిండు.

గడియారాల దుకాణం మలయాళీది. గోడ నిండ గడియారాలు, ఏ రెండిట్ల ఒక టైము లేదు. "వీట్ల ఏది కరెక్టు?" అని హిందీల అడిగిన. ఆయన తన చేతి గడియారం చూసుకొని, "ఏదీ కాదు భాయ్, ఇవి అమ్మేటివి" అన్నడు. చిచ్చా మనసు నమాజు వేళకు అజాన్ వినిపించే గడియారం మీద పడ్డది. నాకు మటుకు ముల్లులున్నది వద్దే వద్దు. ఎడమ దిక్కు పండుకున్నోడు ఇరవై ఐదు నిమిషాలంటడు, కుడి దిక్కోడు ఇరవై ఏడంటడు. అంకెలైతే ఎవడు చూసినా ఒక్కటే.

అప్పుడు దుకాణపాయన లోపటికి పోయి ఒక డబ్బా తెచ్చిండు. పలక తీరుగ ఉన్నది, పెద్ద పెద్ద అంకెలు, మూలకు చిన్న టవరు బొమ్మ. "ఇది రేడియో గడియారం. గాలిలకెల్లి టైము తనంతట తానే తీసుకుంటది. మీరు ముట్టుకోవద్దు. సెకండు గూడ తప్పది" అన్నడు. సెకండు తప్పదనంగనే నేను పడిపోయిన. చిచ్చా డబ్బాల కాగితం తీసి చూసిండు. ఇంగ్లీషు గూడ కాదు, ఇంకేందో భాష. "దీని రాత మనకు రాదు, మన గాలి దానికి వచ్చునో లేదో" అన్నడు. "నువ్వు ఊకో చిచ్చా" అని పట్టుకొచ్చిన.

బ్యాటరీలు ఏసి గోడకు పెట్టినం. పన్నెండు చూపించింది. టవరు బొమ్మ మిణుకు మిణుకు అంటుంది. ఆరుగురం ముంగట కూసొని టీవీ చూసినట్టు చూసినం. మిణుకుడే గని టైము రాలే. గోడ అడ్డమైతుందని ఒకడన్నడు, కిటికీల పెట్టినం. సముద్రం దిక్కు తిప్పాలె అని ఇంకొకడు, అట్ల తిప్పినం. మా రూముల ఎలక్ట్రీషియన్ రాగి తీగ చుట్టి, తీగ కొసను నీళ్ల ట్యాంకుకు కట్టిండు. ఆఖరుకు ఏసీ చప్పుడుకు సిగ్నల్ బెదురుతుందని ఎవడో అన్నడు. ఓరి దేవుడా! రైసూత్ ఉడుకుల ఏసీ బంద్ చేసి, బనీన్లు పిండుకుంట మూడు గంటలు కూసున్నం. టవరు బొమ్మ మిణుకుతనే ఉన్నది. ఆ టవరు జర్మనీల ఉన్నదని, దాని సిగ్నల్ ఒమన్ దాక రానే రాదని శాన నెలలకు పోర్టుల ఒక జర్మనీ ఇంజనీరు చెప్పిండు. అప్పటిదాక మేం దాని మొకం తిప్పని దిక్కు లేదు.

వారమంత గిదే లొల్లి. గురువారం సాయంత్రం ఇగ నా ఓపిక అయిపోయింది. తెల్లారితే శుక్రవారం. గడియారం ముంగట నెత్తి పట్టుకొని కూసున్న. చిచ్చా రేడియో తెచ్చి నా పక్కకు పెట్టి, గడియారం ఎనుక బటన్ ఏది ఎందుకో నొక్కి నొక్కి చూసిండు. "సరిగ్గ ఎనిమిదికి పెట్టినా. ఆఖరి కూత రవ్వంత పొడుగ్గా వస్తాది. అప్పుడు ఈ బటన్ నొక్కు. ముందే నొక్కబాకు" అన్నడు. అందరం ఊపిరి బిగవట్టినం. కూతలు మొదలైనయ్. పొడుగు కూతకు నొక్కిన. ఎనిమిది గంటల ఒక సెకండు, రెండు సెకండ్లు అని అంకెలు నడిచినయ్. రూమంత చప్పట్లు. "రేడియో గడియారమే కదప్పా, రేడియోతోనే పెట్టినాం" అని చిచ్చా నవ్విండు. నాకు సిగ్గైంది. ఆయన చెయ్యి పట్టుకున్న.

శుక్రవారం చేతి గడియారం రూములనే పారేసి, గోడ గడియారాన్నే చంకల పెట్టుకొని ఫోన్ కాడికి నడిచిన. చిచ్చా గూడ వచ్చిండు. లైన్ల ఉన్నోల్లు పడిపడి నవ్విండ్రు. "పిల్లకు కట్నమా భాయ్?" అన్నడొకడు. నవ్వుకోండ్రి బిడ్డా అనుకున్న. నాలుగుంబావుకే నా వంతు వస్తే ఎనుకున్నోన్ని ముంగటికి పంపిన, ఆయన ఎనుకోన్ని గూడ పంపిన. నాలుగూ ఇరవై తొమ్మిదికి కార్డు పెట్టిన. చిచ్చా అద్దం అవుతల గడియారం రెండు చేతుల పట్టుకొని నాకు చూపిస్తుండె. సున్నాలు పడంగనే ఆఖరి నంబరు నొక్కిన.

ఒక్క రింగు పూర్తిగ గాలే, ఎత్తిండ్రు. బూతాయన కాదు. ఆమెనే.

"అక్కడ టైమెంత? సరిగ్గ ఆరు! ఒక్క సెకండు తేడా లేదు, చూసుకో!" అని ఒర్రిన. పెండ్లాం బాగున్నదా అని గూడ అడగలే, అంత గర్వం.

"ఆరో ఏడో, నాకేమెరుక" అన్నది. "నాలుగింటికే వచ్చి కూసున్న. నీ గడియారాలను నమ్ముకొని రెండుసార్లు మోసపోయిన. బీడీల చాట వెంట తెచ్చుకున్న, ఫోన్ పక్కనే కూసొని చుట్టుకుంటున్న. తెచ్చిన ఆకంత ఒడిసింది."

"ఆరుంబావు బస్సు పోతే ఎట్ల?"

"పోతే పోనీ. రాత్రి ఎనిమిదైనా సరే, నువ్వు చేసేదాక కూసుందామనే వచ్చిన. మా అన్నను సైకిల్ తీసుకొని రమ్మన్న."

నేను సెకండ్లు లెక్కపెట్టుకుంట ఇక్కడ, ఆమె రెండు గంటలు ముందు అక్కడ. అంతల ఫోన్ల చిన్న ఊపిరి వినబడ్డది. "అను, అను" అని తల్లి అంటుంది. ఆ తర్వాత, "నాయినా" అన్నది. ఒక్కసారే. సిగ్గు లేకుండ ఏడ్చిన. అద్దం అవుతల చిచ్చాకు లోపటి ముచ్చట తెల్వదు, నాకు టైము కనబడతలేదనుకొని గడియారాన్ని ఇంకింత పైకెత్తి పట్టిండు.

ఆ గడియారం మా రూముల శాన ఏండ్లు నడిచింది. టవరు బొమ్మ మిణుకుతనే ఉండె, నెలకొకపారి చిచ్చా రేడియో కూతకు సరి చేస్తుంటిమి. డ్రైవరు, వాచ్‌మన్ గూడ మా కిటికీలకెల్లి చూసి టైము పెట్టుకునుడు మొదలుపెట్టిండ్రు. నేను మటుకు తర్వాతి నెల ఫోన్ చేసే శుక్రవారం దాని దిక్కు చూడలే. అన్నం తినంగనే, ఆమె నాలుగింటికి సమంగ రెండున్నరకే పోయి ఫోన్ కాడ కూసున్న.