పలుగురాతి పొడి

తెలంగాణ వచ్చిన మూడో ఏడు. పాలమూరు పక్క మా ఊళ్ళో నేను ఆశా కార్యకర్తను. మా వాడలోనే ఉండే ఒకాయనకు టీబీ మందులు దగ్గరుండి మింగించే పని నాకు అప్పగించారు. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. నలభై ఏళ్ళు కూడా లేవు. ఊరి బయట పలుగురాళ్ళను పిండి చేసే మిల్లులో పదేళ్ళు సంచులు నింపాడు. తెమడలో క్రిమి దొరకలేదు గానీ ఎక్స్‌రేలో మచ్చలున్నాయని మందులు మొదలుపెట్టారు.

ఆరు నెలలు తెల్లారగానే వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. నా కళ్ళ ముందే గోలీలు మింగేవాడు. కడుపులో తిప్పినా, నోరు చేదెక్కినా ఒక్కరోజు వద్దనలేదు. అయినా దగ్గు తగ్గలేదు. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడేవాడు.

దవాఖానకు తీసుకెళ్ళాను. అక్కడి సూపర్‌వైజర్ కార్డు తిరగేసి, మనిషి మొహం కూడా చూడకుండా, "తాగుతవ్ గదా? గోలీలు ఎగ్గొట్టినవ్" అన్నాడు.

"లేదు సార్. నా ముందరనే మింగిండు."

"నువ్వు గూడ గట్లనే చెప్తవ్" అని, ఎర్ర పెన్నుతో కార్డు మీద 'మందులు సరిగా వాడలేదు' అని రాశాడు.

ఇంటి ముందు ఆటో దిగి అన్న గోడ పట్టుకున్నాడు. అప్పుడు అన్నాడు: "కల్లు తాగుత చెల్లె, అబద్ధమెందుకు. కని ఒక్క గోలీ ఇడిసిపెట్టలే. గట్లెట్ల రాస్తడు?"

ఆ రాత తప్పని నాకు తెలుసు. మరి నిజమేంటో తెలియదు. అప్పటికి ఆయన పనిలోకి ఆయన భార్య వెళ్తోంది, అదే మిల్లు, అవే సంచులు. మర్నాడు ఆ వదిన వెంట నేనూ వెళ్ళాను. బయట ఎండ మండుతుంటే షెడ్డు లోపల మంచు పట్టినట్టుంది. ఆడవాళ్ళ కొంగులు, మగవాళ్ళ కనుబొమలు అన్నీ తెలుపే. ముక్కుకు కట్టుకున్న తువ్వాలలు కూడా పిండిలో ముంచి తీసినట్టున్నాయి. ఒకరి తర్వాత ఒకరు దగ్గుతున్నారు. వాళ్ళలో ముగ్గురు అప్పటికే టీబీ మందులు పూర్తిగా వాడినవాళ్ళు.

"గీ దగ్గు మిల్లుకొచ్చినోళ్ళకే ఎందుకొస్తాందక్కా?" అని ఒకామె అడిగింది.

దవాఖానలో ఆశాల నెలవారీ మీటింగులో లేచి నిలబడ్డాను. సూపర్‌వైజర్ కూర్చోమన్నాడు. కూర్చోలేదు. మిల్లులో ఆమె అడిగిన ప్రశ్నే గట్టిగా అడిగాను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ రాస్తున్న కాగితం పక్కన పెట్టింది. "అందర్నీ తీసుకురా" అంది.

ఏడుగురం బస్సులో జిల్లా దవాఖానకు వెళ్ళాం. అక్కడ ఎక్స్‌రేలు చూసి చెప్పారు: అన్నకూ మరో ముగ్గురికీ టీబీ కాదు, రాతి పొడి ఊపిరితిత్తుల్లో దిగి గట్టిపడింది, నయం చేసే మందు లేదు.

అన్న జేబులోంచి కార్డు తీసి నా చేతికిచ్చాడు. తర్వాత, "మందు లేదంటే లేకపాయె. గా కార్డు మీది రాత కొట్టెయ్యుమను చెల్లె" అన్నాడు.

మా దవాఖానకు తిరిగొచ్చాక డాక్టరమ్మ ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టింది.

మిల్లులో పొడి తగ్గించమని అర్జీ పెట్టబోతున్నామని తెలిసి, వారం తిరక్కుండా మిల్లు మేనేజర్ మా ఇంటికొచ్చాడు. "గోలీలు పంచేదానివి, గోలీలు పంచుకో. మిల్లు బందైతే ఊరోళ్ళకు పని నువ్విస్తవా?"

"బంద్ చెయ్యుమంటలేను. నీళ్ళు కొట్టి పొడి అణచుమంటున్న. ఒక్క పొద్దు నువ్వు గా షెడ్డుల నిలవడి సంచులు నింపు, గప్పుడు మాట్లాడుదం" అన్నాను.

నా ఉద్యోగం తీయిస్తానన్నాడు. అయినా సోమవారం అర్జీలు తీసుకునే కలెక్టరేటు ప్రజావాణికి వెళ్ళాం. వదిన ఎక్స్‌రేలను సంచిలో పెట్టి తెచ్చింది. అధికారి అర్జీ తీసుకుని పొమ్మంటే ఆమె కదల్లేదు. ఒక్కో ఎక్స్‌రే కిటికీ వెలుతురుకు పట్టి, "గిది మా ఆయిన, గిది మా పక్కింటామె" అని చూపించింది. తర్వాత తనిఖీకి వచ్చారు. మిల్లులో నీళ్ళ పైపులు బిగించారు. పొడి సగం తగ్గింది, మొత్తం పోలేదు. వదిన అక్కడ పని మానేసి పత్తి ఏరడానికి వెళ్ళింది.

వానాకాలం రాకముందే అన్న పోయాడు. మరణాల రిజిస్టరులో కారణం నేనే రాయాలి. 'ఆయాసం' అని రాయమని సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. నేను 'పలుగురాతి మిల్లు పొడి' అని రాశాను.

తర్వాత రిజిస్టరు చూసి, "గదేం రోగమే?" అన్నాడు.

"ఎక్స్‌రేల ఉన్నదే రాసిన సార్" అన్నాను.

నష్టపరిహారం కోసం వదిన పెట్టిన కాగితం ఇప్పటికీ ఆఫీసుల్లోనే ఉంది. పిలిచినా పిలవకపోయినా నెలకోసారి ఇద్దరం వెళ్ళి అడిగి వస్తున్నాం.